మోకు కింద పాఠం

బేస్తవారం పరీక్ష.
హన్మకొండ హోటల్ కోర్సోళ్లు ఇచ్చిన జిరాక్సు కాగితం
మడత కాడ చినిగి, మూడో పేరు సగమే మిగిలింది.
స్పెయిన్‌ల పండే ద్రాక్షలు. తొమ్మిది.
ఒక్కటి గూడ నాలుక మీద నిలుస్తలేదు.

నడికూడ దాటినంక మా మండువ.
ఓదెలు పెదబాపు గీతకత్తి నూరుకుంట
"గట్టిగ చదువు బిడ్డా" అన్నడు. చదివిన. నవ్విండు.
"దండ గుచ్చినట్టు చదివితే ఎట్లొస్తయి?
నలభై ఆరు తాళ్లు నాయి. అన్నిటికి పేర్లున్నయి.
ఎన్నడన్న రాసుకున్ననా?
పిడుగుతాడు, పిడుగు పడ్డది గనుక.
పట్వారితాడు, దాని నీడకు కూసుండి
మా తాత భూమిని తప్పు కొలిసిండు గనుక.
ముందు గుణం చెప్పు. పేరు దానెనుక నడిసొస్తది."

టెంప్రనీయో, అన్న.
మిగతా నల్లపండ్ల కంటె వారాల ముందే పండుతదట,
వాళ్ల మాటల ఆ పేరే 'తొందర'.
"మన పోద్దాడు" అన్నడు, తల ఎత్తకుండ.
"చలి ఇరగకముందే పారుతది."

గార్నాచా.
గాలికి మొండి, ఎండకు మొండి,
పందిరి అడగదు, పొదోలె నేలనే పట్టుకుంటది.
"ఎక్కుతదా?"
బాగ ఎక్కుతదట.
"అయితే రేకల సగమే పొయ్యాలె. మనిషిని సూసి."

ఐరెన్ కాడ ఆగిండు.
లా మంచా అని వానల్లేని మైదానం,
అక్కడ తీగెకు తీగెకు నడుమ బండి తిరిగేంత జాగ,
ఒకదాని దప్పిక ఇంకోదాన్ని ముట్టకుండ.
కత్తి మీద నీళ్లు ఆరిపోయేదాక మాట్లాడలే.
"మనం బోర్లేసిన్నాడు
గా తెలివి లేకపాయె."

అల్బరీన్యోది వానల దేశం, సముద్రం ఒడ్డు.
తడి తగలద్దని ఎత్తు పందిళ్లు,
పందిళ్లకు రాతి నిట్రాళ్లు. గ్రానైటు.
"మన కరీంనగర్ గుట్టలేనా, ఓడెక్కినయి?"
కాదు పెదబాపు, వాళ్ల రాయే.
"నయం. రాయి పుట్టిన ఊర్లెనే నిలబడ్డదన్నట్టు."

వెర్దేహోను రాత్రి తెంపుతరు, చల్లదనం పోకుండ.
"మరి కూలోళ్ల నిద్ర?"
కాగితంల లేదు.

పెద్రో హిమేనెజ్ తెల్లపండు.
చాపల మీద ఎండేసి, ముడతలు పడ్డంక పిండితే
నల్లటి పాకమోలె తీపి.
కల్లంల చపాట మిర్చి నెరుపుతున్న సారమ్మ పెద్దమ్మ
అక్కడికెళ్లే అడిగింది:
"మబ్బు పడితే ఏం జేస్తరు?"
అది గూడ కాగితంల లేదు.
ఆమె మాత్రం ఆకాశం దిక్కు సూసి
పరద దగ్గరికి గుంజుకున్నది.

గ్రాసియానో. కాపు తక్కువ.
పెట్టుమంటె రైతు దండం పెట్టి వద్దంటడట,
పేరు అట్లనే పడ్డదని కొందరంటరు.
కాని వేరే పీపల ఇంత కలిపితే చాలు,
వాసన నిలుస్తది, ఏండ్లు నిలుస్తది.
"ఉత్తరం గట్టు మీది సన్నతాడు" అన్నడు పెదబాపు.
"మూడు పూటలెక్కితె ఒక్క లొట్టి.
ఈ ఏడు ఇడిసిపెడుదమనుకున్న."
మోకు భుజానేసుకున్నడు.
ఇడుస్తనని గాని ఇడువనని గాని అనలే.

ఇంతల బండ్లాగినయి, గిరాకి వచ్చిండ్రు,
బొబాల్, మొనాస్త్రెల్ అట్లనే మిగిలినయి.
చినిగినదాన్ని ఎవరం అడుగలే.

పరీక్షల ఆరు చెప్పిన, ఆగకుండ.
సారు ఆశ్చర్యపోయిండు: "వీటిల ఏది రుచి సూసినవ్?"
ఏదీ సూడలే సార్.
"మరి ఇట్లెట్ల చెప్తున్నవ్, ఇంటి మనుషుల లెక్క?"
ఏమని చెప్పాలె.
మా మండువకు రండ్రి సార్ అన్న.
క్లాసంత నవ్వింది. నేను నిజంగనే పిలిసిన.

ఐతారం ఊరికి పోతే
రేకలు పట్టుకొని కూసున్నరు పది మంది.
ఉత్తరం గట్టు దిక్కు నుంచి,
పైనుంచి, మట్టల నడుమ నుంచి
ఓదెలు పెదబాపు గొంతు:
"తొందర పడకుండ్రి,
గ్రాసియానో ఇంక దిగలే!"